కెమెరా దిగని బాయి

నా గోళ్ల సందుల్లో రెండు రకాల నలుపు ఉండేది. ఒకటి బొగ్గుది, ఇంకొకటి ఎనామిల్ పెయింటుది. 1978లో సింగరేణి కంపెనీ మందమర్రి బొగ్గు గనిలో, అంటే మా మాటల్లో ‘బాయి’లో, బదిలీ ఫిల్లర్‌గా చేరి, తట్టా చెమ్మసూ పట్టి టబ్బులు నింపినవాణ్ని. శ్రీరాంపూర్‌కు బదిలీ అయ్యాక నా చేతిరాత చూసిన ఒక మేనేజరు, రక్షణ పక్షోత్సవాలకు బోర్డులు రాయమన్నాడు. 2016లో రిటైరయ్యేదాకా అదే బతుకు. షిఫ్టు బాయిలో, మిగిలిన పొద్దు బ్రష్షుతో.

ఇప్పుడు నస్పూర్‌లో కూతురింట్లో ఉంటున్నాను. కంటికి ఆపరేషన్ అయింది, చెయ్యి వణుకుతోంది, బ్రష్షు నిలవదు. మూడేళ్ల కింద మనుమరాలు ఫోన్లో ఏఐ చూపించి, ‘‘తాతా, నువ్వు చెప్పు, అదే గీస్తది’’ అంది. అప్పటినుంచి పట్టుకున్నాను. మా రిటైర్డు కార్మికుల వాట్సాప్ గ్రూపులో నా బొమ్మలు తిరుగుతుంటాయి. కొందరు దండం పెట్టే గుర్తులు పంపుతారు, కొందరు ‘‘ముసలోడికి పనిలేదు’’ అంటారు. ఈ మూడేళ్లలో తెలిసొచ్చినవి రాస్తున్నాను. గుర్తొచ్చిన వరుసలోనే రాస్తున్నాను, పెద్దది ముందు చిన్నది వెనక అనేమీ లేదు.

1. ‘గీశాను’ అనొద్దు, ‘గీయించాను’ అనాలి

మొదటి బొమ్మ గ్రూపులో పెట్టినప్పుడు ఎవరో ‘‘నువ్వే గీసినవా అన్నా?’’ అని అడిగారు. ‘‘అవును’’ అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు బ్రష్షు పట్టినవాడికి ఆ ‘అవును’ ఎంత బరువో తెలుసు.

మన భాషలోనే దీనికి దారి ఉంది. ఇల్లు కట్టినవాడు మేస్త్రీ, కట్టించినవాడు యజమాని. యజమాని ‘కట్టించాను’ అంటే ఎవరూ తప్పు పట్టరు. సున్నం కలిపింది తానేనంటేనే నవ్వుతారు. చట్టం కూడా ఇంచుమించు ఇదే మాట వాడిందని మనుమరాలు చదివి చెప్పింది. 1957 నాటి మన కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, కంప్యూటర్ ద్వారా పుట్టిన కృతికి కర్త ఎవరంటే దాన్ని పుట్టేలా చేసిన వ్యక్తి. అప్పటికి ఈ బొమ్మల యంత్రాలు ఎవరి ఊహలోనూ లేవు కాబట్టి, ఆ మాట వీటికి ఎంతవరకు వర్తిస్తుందో లాయర్లు ఇంకా వాదించుకుంటున్నారు. అమెరికాలో ఒక అప్పీలు కోర్టు 2025 మార్చిలో, మనిషి కర్తగా లేని బొమ్మకు కాపీరైట్ లేదని తేల్చింది. కోర్టుల సంగతి కోర్టులకే వదిలేసి, నేను మాత్రం ‘గీయించాను’ అంటున్నాను. నిద్ర పడుతోంది.

2. అది మన బాయిని చూడలేదు

ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

‘తెలంగాణ బొగ్గుగని కార్మికుడు’ అని అడిగాను. చొక్కా లేని ఒక కండల మనిషి వచ్చాడు. భుజాన పికాసు, చేతిలో కిరోసిన్ లాంతరు, ముఖమంతా మసి, వెనక మంటలు. బొగ్గు వజ్రంలా మెరుస్తోంది. పెద్ద సినిమా పోస్టరులా ఉంది, గ్రూపులో ఎనభై మంది మెచ్చుకున్నారు. అందులో సగం మంది నాతో కలిసి బాయి దిగినవాళ్లే! ఆ లాంతరుతో మా బాయిలోకి దిగి ఉంటే గ్యాస్ అంటుకుని ఏమయ్యేదో వాళ్లకు తెలియదా? తెలుసు. అయినా మెచ్చుకున్నారు. బొమ్మ అందంగా ఉంటే మన అనుభవమే మనకు అబద్ధంలా కనబడుతుందని ఆ రోజు తెలిసింది.

బాయిలో గోడలు ఏ రంగులో ఉంటాయని బయటివాళ్లను అడగండి. నలుపు అంటారు. మా గ్యాలరీల్లో నడిచే దారులు చాలావరకు తెల్లగా ఉంటాయి. బొగ్గు దుమ్ము గాలిలో లేచి మంట అందుకుంటే పేలుతుంది, అందుకని సున్నపురాయి పొడి చల్లుతారు. దాన్ని మేం స్టోన్ డస్ట్ అంటాం. క్యాప్ ల్యాంపు వెలుగు ఆ తెలుపు మీద పడితే వెన్నెల పడ్డట్టే ఉంటుంది. పైకప్పుకు వరుసగా రూఫ్ బోల్టులు, వాటి కింద ఇనుప ప్లేట్లు. మేం చేరిన కొత్తలో అయితే కట్టె దిమ్మెలు. నడుముకు బెల్టు, బెల్టుకు బ్యాటరీ, అక్కణ్నుంచి వీపు మీదుగా టోపీకి వైరు. ఇప్పుడు వైరు లేని దీపాలు వచ్చాయి. బ్యాటరీ పక్కన, విషగాలి కమ్మితే ఊపిరి నిలిపే సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా. షిఫ్టులో రక్షణ చూసే సర్దారు చేతిలో కర్ర. దాంతో పైకప్పును తట్టి, మోగిన శబ్దాన్నిబట్టి బండ గట్టిగా ఉందో బోలుగా ఉందో చెప్పేవాడు.

ఇవేవీ యంత్రానికి తెలియవు. కారణం వెతికితే మా గేటు దగ్గరే దొరికింది. బాయి దిగేముందు తనిఖీ ఉంటుంది. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్ ఏదీ లోపలికి పోదు. నిప్పురవ్వ పుట్టే ప్రతి వస్తువూ నిషేధమే. అది మా ప్రాణాలు కాపాడిన నియమం, దాన్ని తప్పుపట్టను. కానీ దానివల్ల జరిగిందేమిటంటే, ముప్పై ఎనిమిదేళ్లు నేను పనిచేసిన చోట నేను నిలబడ్డ ఫొటో ఒక్కటి లేదు. నా దోస్తులవీ లేవు. పెళ్లి ఫొటోలున్నాయి, తిరుపతి ఫొటోలున్నాయి, యూనియన్ సభల ఫొటోలున్నాయి. బాయిలోవి లేవు.

ఈ యంత్రాలు బొమ్మలు చూసి నేర్చుకున్నవి. 2022లో బయటికి వచ్చిన లయాన్-5బీ అనే ఒక్క సంకలనంలోనే 585 కోట్ల బొమ్మల లింకులు, ఒక్కొక్కదాని పక్కన దాని గురించిన మాటలు ఉన్నాయట. అన్ని కోట్లలో మా శ్రీరాంపూర్ బాయిలో కిందికి, పైకి వాలుగా పోయే డిప్పులు, రైజులు ఎన్ని ఉంటాయి? అమెరికా, ఇంగ్లండు గనుల పాత ఫొటోలు గుట్టలుగా ఉన్నాయి. ‘బొగ్గు గని’ అనగానే అది వాటి దగ్గరికే పోతుంది. తెలియదని మాత్రం చెప్పదు. తెలియనిచోట ఎవరి బాయినో తెచ్చి మన పేరు తగిలిస్తుంది.

నాకున్న భయం ఇదే. మేం పోయాక, మా మనుమల మనుమలు సింగరేణి కార్మికుడు ఎలా ఉండేవాడని వెతికితే ఆ లాంతరు పట్టుకున్న కండల మనిషే దొరకొచ్చు. పైగా ఈ రోజు మేం ఫార్వర్డ్ చేసే బొమ్మలే రేపు నెట్‌లో చేరి, ఎల్లుండి వచ్చే యంత్రానికి పాఠం అవుతాయి.

3. సర్దారు రిపోర్టులా చెప్పాలి

షిఫ్టు దిగేటప్పుడు సర్దారు రిపోర్టు బుక్కులో ‘అంతా బాగుంది’ అని రాస్తే అతని పైవాడు ఓవర్‌మాన్ ఊరుకోడు. ఎన్నో లెవల్, ఎన్నో డిప్, పైకప్పు ఎట్లుంది, గాలి ఎట్లుంది, నీరు ఎక్కడ నిలిచింది అన్నీ రాయాలి. యంత్రంతో కూడా అంతే. ‘అందంగా, బాధగా’ లాంటి మాటలకు అది సినిమా పోస్టరే ఇస్తుంది. ‘గోడలకు తెల్లని పొడి, పైకప్పులో బోల్టు ప్లేట్లు, యాభై ఏళ్ల బక్క మనిషి, మోకాళ్లదాకా బూట్లు, మంట ఎక్కడా లేదు’ అని చెప్పాక ఆరోసారికో ఏడోసారికో మా బాయి లీలగా కనిపించింది. ఇంకా తప్పులున్నాయి, కాని నలుగురు పాతవాళ్లు చూసి ‘‘ఇది మనదే’’ అన్నారు. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర జాతరలో ఏఐ బొమ్మతో మొదటి బహుమతి గెలిచినాయన కనీసం 624 సార్లు మాటలు మార్చానని చెప్పుకున్నాడు. మొదట నవ్వాను, ఇప్పుడు నవ్వను.

మనుమరాలు ‘బొగ్గుగని ఇంజినీరు’ అని అడిగితే నాలుగు బొమ్మలు వచ్చాయి, నలుగురూ మగవాళ్లే. ‘‘నేనెక్కడ తాతా?’’ అంది. 2019 దాకా చట్టమే ఆడవాళ్లను భూగర్భంలో పనికి దిగనివ్వలేదు, ఆ ఏడే కేంద్రం షరతులతో ఆ తలుపు తీసింది. యంత్రానికి ఆ కబురు అందినట్టు లేదు. ‘ఆడపిల్ల’ అని విడిగా చెప్పాల్సి వచ్చింది. చెబితే లిప్‌స్టిక్ పెట్టి పంపింది.

4. అక్షరాలు దాని చేతికివ్వొద్దు

‘రక్షణే ప్రథమం’ అని బోర్డు రాయమన్నాను. ‘క్ష’ దగ్గర ఏదో పురుగు పడుకున్నట్టుంది. తలకట్టు ఎగిరిపోయి పక్క అక్షరం మీద వాలింది. వొత్తు కింద ఉండాల్సింది పక్కకు వచ్చి కూర్చుంది. కొత్తగా వచ్చినవి కాస్త నయం, అయినా రాత పొడుగైతే తడబడేవి ఉన్నాయి. మన గుణింతం, వొత్తులు కలిసి పుట్టే రూపాలు వేలల్లో ఉంటాయి. అది వాటిని చదవడం నేర్చుకోలేదు, ఆకారాలుగా చూసి మాత్రమే పెట్టుకుంది. నేను మా శిక్షణ కేంద్రం (వీటీసీ) గోడ మీద మొదటిసారి ‘జాగ్రత్త’ రాసినప్పుడు ‘త్త’ ఇరుకైపోతే, మా మేనేజరు టర్పెంటైన్ గుడ్డ ఇచ్చి మొత్తం తుడిపించాడు. కార్మికుడు పరుగున పోతూ చదివే మాట అది, అరక్షణం తికమక పడినా నష్టమే అన్నాడు.

అందుకే బొమ్మలో బోర్డును ఖాళీగా ఉంచమంటాను. అక్షరాలు తర్వాత ఫోన్లోనే మన ఫాంట్లతో పెడతాను. రామభద్ర, పెద్దన, సూరన్న, మండలి వంటివి ఉచితంగానే దొరుకుతాయి. రామభద్ర బోర్డుకు బాగా నప్పుతుంది, మా పాత లావు బ్రష్షు రాతకు దగ్గర. విరిగిన తెలుగుతో బొమ్మలు పంపేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ టర్పెంటైన్ గుడ్డ గుర్తొస్తుంది.

5. పాత ఫొటో వేషం వేయించొద్దు

ఇది నా తప్పు. ఒప్పుకుంటున్నాను.

డిసెంబరు 23 మాకు సింగరేణి దినోత్సవం. 1920లో ఆ రోజే కంపెనీకి సింగరేణి పేరు పెట్టారు. అంతకు ముందు కథ కూడా మా వాళ్లకు నోటికొచ్చు. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఆనవాలు పట్టడం, 1889లో తవ్వకం మొదలవడం. ఒక ఏడు ఆ దినోత్సవానికి నాకో సరదా పుట్టింది. ‘1889, ఇల్లందు, మొదటి బాయి, గోధుమ రంగు పాత ఫొటో, అంచులు చిరిగి, మరకలు పడి’ అని చెప్పి ఒకటి గీయించాను. అచ్చం మ్యూజియం నుంచి తెచ్చినట్టే వచ్చింది. ‘మన మూలాలు’ అని ఒక్క ముక్క రాసి గ్రూపులో పడేశాను. యంత్రం చేసిందని రాయలేదు. అందరికీ తెలుస్తుందిలే అనుకున్నాను.

మరుసటి ఏడు డిసెంబరులో ఒక బడి వాళ్లు పెట్టిన ప్రదర్శనకు మనుమరాలు తీసుకుపోయింది. ఒక ఫ్లెక్సీ మీద అదే బొమ్మ! కింద ‘1889 నాటి అరుదైన ఛాయాచిత్రం’ అని ఉంది. పిల్లలు దాన్ని చూసి నోటు పుస్తకాల్లో రాసుకుంటున్నారు. దగ్గరికి పోయి చూస్తే ఇంకో ఘోరం. ఆ 1889 కార్మికుల టోపీల మీద కరెంటు దీపాలున్నాయి. ఏడాది కింద ఆ బొమ్మను నేనెంత మురిపెంగా చూసుకున్నానంటే, జీవితమంతా తలమీద మోసిన దీపం నా కంటికి ఆనలేదు.

అక్కడి టీచరమ్మకు చెప్పాను. ఆమె మంచిది, వెంటనే కాగితం అంటించింది. గ్రూపులో కూడా తప్పు దిద్దుతూ మెసేజి పెట్టాను. బొమ్మను పంచుకున్నట్టు దాన్ని ఎవరూ పంచుకోలేదు. ఆ బొమ్మ ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉండి ఉంటుంది.

నాది చిన్న ఊరి చిన్న తప్పు. 2025లో హైదరాబాదులో ఏమైందో గుర్తుందా? సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు చదును చేయడానికి మార్చి చివర్లో బుల్‌డోజర్లు దిగాయి. చెట్లు కొట్టారు, విద్యార్థులు అడ్డుకున్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అవన్నీ నిజాలు. ఆ నిజాల మధ్యలో, బుల్‌డోజర్ల ముందు జింకలు, నెమళ్లు పరుగెత్తుతున్నట్టు ఏఐ బొమ్మలు పుట్టుకొచ్చాయి. వాటితో చర్చ చెట్ల మీదనుంచి బొమ్మల మీదికి మళ్లింది. ప్రభుత్వం నకిలీ బొమ్మల మీద చర్యలంది, కేసులు పెట్టింది. మన కరీంనగర్‌లో కలెక్టరుగా పనిచేసిన స్మితా సభర్వాల్ గారు జపాన్ కార్టూన్ల జిబ్లీ తరహా బొమ్మ ఒకటి తిరిగి పంచుకున్నందుకు పోలీసుల నోటీసు అందుకున్నారు. దాన్ని మరో రెండు వేల మంది కూడా పంచుకున్నారు కదా, వాళ్లందరికీ ఇదే లెక్కా అని ఆమె అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉందనే నా ఉద్దేశం. అయితే నా బాధ వేరే. నిజంగా చెట్లు కూలుతున్నచోట బొమ్మ జింకలు ఎందుకయ్యా? నిజానికి సాయం చేయబోయి, దాన్ని కొట్టడానికి అవతలివాడి చేతికి కర్ర ఇచ్చినట్టయింది.

లేని దృశ్యాన్ని కల్పించమని నన్నూ ఒకసారి అడిగారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు కమ్మి 17 మంది పోయారు. ఆ క్షణాన్ని చూసిన కెమెరా లేదు. ఒక కుర్రాడు వర్ధంతి వీడియో చేస్తూ, ‘‘తాతా, నీళ్లు వస్తుంటే వాళ్లు పరుగెత్తుతున్నట్టు చెయ్యి’’ అన్నాడు. చెయ్యనన్నాను. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లు. తండ్రి ఆఖరి నిమిషం ఎలా ఉందో వాళ్లకు మనం కల్పించి చూపించాలా? ఆ కుర్రాడు అలిగి వేరే ఎవరితోనో చేయించుకున్నాడు.

ఇప్పుడు నేనేం చేస్తానంటే, ‘ఏఐతో గీయించినది’ అని బొమ్మ మీదే, మూలన చిన్నగా కాకుండా కనబడేలా రాస్తాను. కింద విడిగా రాసిన మాట రెండో ఫార్వర్డుకే రాలిపోతుంది. బొమ్మ లోపల దాచే గుర్తులు కూడా స్క్రీన్‌షాట్ తీస్తే పోతాయి. 2025 అక్టోబరులో కేంద్ర ఐటీ శాఖ ఒక ముసాయిదాలో, ఇలాంటి బొమ్మ మీద కనీసం పదో వంతు జాగాలో ఆ మాట కనబడాలని ప్రతిపాదించింది. చాలామంది అది మరీ ఎక్కువన్నారు. డేంజర్ బోర్డు మీద పుర్రెకు మేం అంతకన్నా ఎక్కువే ఇచ్చేవాళ్లం.

6. ఒకరి చేతిని పేరు పెట్టి పిలిచేటప్పుడు

2025 మార్చి చివర్లో చాట్‌జీపీటీలో కొత్త బొమ్మల సౌకర్యం రాగానే, జపాన్ స్టూడియో జిబ్లీ పద్ధతిలో లోకమంతా తమ ఫొటోలు మార్చుకుంది. మా గ్రూపులో కూడా రిటైర్డు హాలర్ ఆపరేటర్లు పెద్ద కళ్ల పిల్లల్లా మారిపోయారు. నేనూ మారాను. ముద్దుగానే ఉంది.

తర్వాత చిత్రకారుడు తోట వైకుంఠం గారి పద్ధతిలో బతుకమ్మ అడిగాను. ఆయన మన పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టినవారు. ఆ పెద్ద బొట్లు, నిండు చీరలు, నల్లని నిగనిగల ఆడవాళ్లు ఆయన తన ఊళ్లో చూసినవాళ్లు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి కూడా తిరిగి ఆ ఊరి మనుషుల దగ్గరికే వచ్చారు. నాకు అర నిమిషంలో బొట్టు వచ్చింది, చీర వచ్చింది. నెత్తిన మాత్రం తామరపూల పళ్లెం, అందులో దీపాలు. తంగేడు లేదు, గునుగు లేదు, వరుస మీద వరుస పేర్చిన బతుకమ్మే లేదు. వైకుంఠం గారి చెయ్యి దొరికింది కానీ ఆయన కన్ను దొరకలేదు. ఆ బొమ్మ ఎవరికీ పంపలేదు. బతికున్న చిత్రకారుడి పేరు మళ్లీ యంత్రానికి చెప్పలేదు.

ఫ్లెక్సీ వచ్చినప్పుడు నా బ్రష్షు పని ఎలా పోయిందో నాకు తెలుసు. అప్పుడు నా రాతను ఎవరూ దొంగిలించలేదు, అక్కర్లేదన్నారంతే. ఇప్పుడు కుర్ర ఆర్టిస్టుల సంగతి అంతకన్నా చేదు. వాళ్ల బొమ్మలు చూసి నేర్చుకున్న యంత్రమే వాళ్ల బేరం లాక్కుంటోంది. మంచిర్యాలలో ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేసే పిల్లాడు, ‘‘నిన్ను తీసేసింది నేనైతే, నన్ను తీసేసేది ఇది తాతా’’ అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాల్సిన మాటేమీ కాదు.

7. ఇంకొకరి ముఖం

2023 నవంబరులో సినిమా నటి రష్మిక మందన్న ముఖం అంటించిన వీడియో గుర్తుంది కదా. అది చేశాడని పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు జిల్లా కుర్రాణ్నే. అడగకుండా ఏ ఆడపిల్ల ఫొటో కూడా యంత్రంలో పెట్టకండి, సరదాకైనా, దేవత వేషమైనా. దీనికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

8. ఫ్రీ అనుకోవద్దు

ఒక్క బొమ్మకు ఆరేడుసార్లు గీయించుకునే నాకు ఇది ఆలస్యంగా తట్టింది. ఆ యంత్రాలు ఎక్కడో కరెంటుతో నడుస్తాయి. మన దేశంలో పుట్టే కరెంటులో నాలుగింట మూడొంతులకు దగ్గరగా బొగ్గుదే. మేం తవ్విన బొగ్గు పక్కనే జైపూర్ ప్లాంటులో కాలుతుంది, అవతల రామగుండంలో కాలుతుంది. లాంతరు పట్టుకున్న ఆ కండల మనిషిని గీయడానికి కూడా ఎవడో బక్క మనిషి షిఫ్టుకు దిగి ఉంటాడు.

9. పోయినవాళ్ల ముఖాలు

మా కాలనీలో ఒకామె ఉంది. భర్త నాతోపాటు టింబర్‌మాన్‌గా చేసి, రిటైరైన రెండేళ్లకే పోయాడు. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఇంట్లో లేదు. ఐడీ కార్డు ఫొటో ఒకటి, గోరంత, ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. ‘‘అన్నా, ఫోన్ల నన్నూ ఆయన్నూ పక్కపక్కన నిలబెడ్తవా?’’ అని అడిగింది.

నిలబెట్టాను. పట్టుచీర, తెల్ల చొక్కా, వెనక గోదావరి. ప్రింటు తీయించి ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

‘‘మంచిగున్నడు. గని ఈయన మా ఆయన గాదు.’’

‘‘ఎట్ల గాదు చెల్లె? ఆ ఫొటోతోనే చేసిన.’’

‘‘కనుబొమ్మ పైన నీలి గీత ఏది?’’

బాయిలో బండ పెచ్చు తగిలి చీరుకుంటే, పుండులోకి బొగ్గు దుమ్ము చేరి మానిపోతుంది. చర్మం కింద నీలంగా ఆ గీత చచ్చేదాకా ఉంటుంది. నాకు మోచేతి మీద రెండున్నాయి. యంత్రం దాన్ని ఫొటో మీద పడ్డ మరక అనుకున్నట్టుంది, శుభ్రంగా తుడిచేసింది. మళ్లీ చెప్పి పెట్టించాను. ఈసారి కత్తిగాటులా, సినిమాలో విలన్‌కు పెట్టినట్టు పెట్టింది.

‘‘వద్దులే అన్నా’’ అంది. ‘‘ఉన్నదాన్నే పెద్దగ చేయించు.’’

గోరంత ఫొటోను గోడకు పెట్టేంత చేస్తే ఏమవుతుంది? చుక్కలు చుక్కలుగా, మసకగా వచ్చింది. కంపెనీ స్టాంపులో సగం భుజం మీదికి వచ్చింది. ఆమె ఇంట్లో గోడకు అదే ఉంది. దగ్గరికి పోతే ఏమీ తెలియదు. గుమ్మంలో నిలబడి చూస్తే గీత కనిపిస్తుంది.